తొలి దెబ్బ కోసం మొగుళ్లపల్లికి

మా ముత్తాత నరసింహారావు పద్నాలుగు గ్రామాలకు దేశ్‌ముఖ్. ఆయన గద్దె మీద కూర్చున్నాకే పట్వారీలు కింద జంపఖానా మీద కూర్చునేవారు. తాత రాఘవరావు నాటికి ఏడు గ్రామాలు మిగిలాయి. నాయన జనార్దనరావు నాటికి ఒక్క ఊరు, అదీ పిలుపులోనే. పెద్దవంగర చుట్టుపక్కల ముసలివాళ్లు ఇప్పటికీ మా కోటలాంటి ఇంటి పేరున మమ్మల్ని గడి రావులనే అంటారు. నాలుగో తరం వాణ్ని నేను. జనగామ బళ్లో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి, ఇప్పుడు స్టేషన్ వెనక రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాను. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ఎవరి ముందూ చేయి చాపలేదు, నడుం వంచలేదు.

గడి కూలింది, భూములు పోయాయి. మాకు మిగిలింది ఒకే ఒక్క మర్యాద. అది చేజారేటట్టు ఉందని తెలిసి, మొన్న వైశాఖంలో మూడు రోజులు మూడు జిల్లాలు తిరిగి వచ్చాను. ఆ తిరుగుడు గురించే ఇది.

జనగామ

మా ఊళ్లో ఏటా జ్యేష్ఠమాసంలో పోచమ్మ కొలుపు జరుగుతుంది. ప్రతి ఇంటి ఆడమనిషీ కొత్త కుండలో అన్నం వండి, కుండకు పసుపు కుంకుమలు పూసి, వేపరెమ్మలు చుట్టి, పైన దీపం వెలిగించి నెత్తిన ఎత్తుకొని అమ్మవారి దగ్గరికి నడుస్తుంది. అదే బోనం. ఆ వరుసలో మొదటి బోనం మా ఇంటిది. అయితే దానికొక కట్టు ఉంది. మాదిగవాడ నుంచి ఎల్లయ్య ఇంటివాళ్లు వచ్చి మా గడప ముందు డప్పు మీద తొలి దెబ్బ వేయాలి. ఆ దెబ్బ పడందే మా బోనం లేవకూడదు. మా బోనం లేవందే ఊరి బోనాలు కదలకూడదు.

ఎల్లయ్య పోయి చాలా ఏళ్లయింది. తర్వాత అతని తమ్ముడు కొట్టేవాడు. నిరుడు కొలుపు కాగానే పిల్లల్లేని అతనూ పోయాడు. ఈ ఏడు కొలుపు కమిటీ పెద్ద శ్రీశైలం ఫోన్ చేశాడు.

"దొరా, కోపానికి రావద్దు. ఎల్లయ్య తాత ఇంటోళ్లు వచ్చి కొడితే ముందటి బోనం మీదే. వాళ్లు రాకపోతే మాత్రం బ్యాండోళ్లను మాట్లాడి కమిటీ బోనం ముందు లేపుతం. పోరగాండ్లందరు గదే అంటున్నరు. నేనొక్కణ్ణి ఆపలేను."

ఎల్లయ్యకు ఒక్క కొడుకు, రాజలింగం. బొగ్గు గనిలో పనికని చిన్నప్పుడే ఊరు విడిచి వెళ్లాడు. అతన్ని వెతికి తీసుకురావాలి. పంచాంగం చూశాను. మూడో రోజుకు పౌర్ణమి పడేటట్టు బయలుదేరితే మంచిదనిపించింది. మా ఆవిడ సుశీల సంచిలో పంచె, కండువా సర్దుతూ అంది: "రాకపోతే రాకపాయె. నేను ఇరవయ్యో దాన్నై ఎత్తుకుంట. అమ్మవారు వరుస చూస్తదా?"

అమ్మవారు చూడదేమో. నేను చూస్తాను.

మా ఊరు

పాలకుర్తి దాటితే గాలి మారుతుంది. వరి కోసిన మళ్లు, ఎండిన పత్తి కట్టెలు, బోరు దగ్గర నాలుగు పచ్చని మడులు. బస్సు దిగిన చోట పది రూపాయల టీ తాగాను. టీ పోసిన మనిషికి నేనెవరో తెలియదు. తెలియకపోవడమే ఇప్పుడు మామూలు.

గడిలో నిలబడి ఉన్నది ముందరి దర్వాజా ఒక్కటే. అటూ ఇటూ గోడలు లేవు. అయినా కొలుపు రోజు తొలి దెబ్బ ఆ గడప ముందే పడుతుంది. ఆ గడప మీద కాసేపు కూర్చున్నాను.

చిన్నప్పుడు మా ఇంట్లో రెండు రకాల పూజ ఉండేది. ఇప్పటి పిల్లలకు ఇది విడ్డూరంగా తోచవచ్చు. లోపల దేవుడర్రలో సాలగ్రామం. దానికి రోజూ స్నానం, తులసి, నైవేద్యం. ఏకాదశినాడు నానమ్మ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. తద్దినాలకు అయ్యవారు వచ్చి మూడు తరాల పేర్లు చెప్పించి పిండాలు పెట్టించేవాడు. పోయినవాళ్లు ఎక్కడికీ పోరని, మనం పెట్టే ముద్ద కోసం చూస్తుంటారని చెప్పేవాడు. అదంతా గడప లోపల. గడప దాటితే పోచమ్మ. ఆమెకు మంత్రం లేదు, అయ్యవారు లేడు. కుమ్మరి, చాకలి, డప్పు, కల్లు ధార పోసే సాక, బలికి యాటపిల్ల. సాలగ్రామానికి మడి కట్టుకున్న నానమ్మే పోచమ్మ ముందు అందరితో కలిసి మట్టిలో నిలబడేది. ఇద్దరు దేవుళ్లకూ తగవు వచ్చినట్టు నాకు గుర్తు లేదు.

కొలుపునాటి పొద్దున ఎల్లయ్య వచ్చేవాడు. వరిగడ్డి మంట వేసి డప్పును కాచేవాడు. చర్మం బిగుసుకున్న కొద్దీ వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకొని వినేవాడు. తర్వాత లేచి, గడపకు నాలుగడుగుల దూరంలో నిలబడి, ఒకటే దెబ్బ. అది ఆగాక ఒక ఊపిరి తీసుకునేంత నిశ్శబ్దం. ఆ తర్వాత మూడు చిన్నవి, ఒకటి పెద్దది. ఆ నడక ఎల్లయ్యదే. పక్క ఊళ్ల డప్పుల్లో నేను దాన్ని ఎన్నడూ వినలేదు.

నానమ్మ ఒళ్లో కూర్చొని ఒకసారి అడిగాను, ఎల్లయ్య లోపలికి ఎందుకు రాడని. "పోయిన జన్మల ఎవలు చేసుకున్నది వాళ్లకు బిడ్డా. మనం పుణ్యం చేసుకొని గడిల పుట్టినం" అంది. దానిని నేను చాలా ఏళ్లు లెక్కల ఎక్కంలా నమ్మాను.

రాజలింగాన్ని పిలవడానికి కావలసినవి నాకు తెలుసు. పోచమ్మ దగ్గరి పసుపు, ఆకు వక్క, ఒక కొత్త పంచె, ఒక సీసా తాటికల్లు. ఈ నాలుగూ చేతిలో పెడితేనే అది పిలుపు. పసుపు ఆ పూటే తీసుకున్నాను. శ్రీశైలం చెట్టు కింద నిలబెట్టి నాకు తాగడానికి చల్లని సోడా ఒకటి ఇప్పించాడు. ఎల్లయ్య బిడ్డ కొమురమ్మ మానుకోటలో మిర్చి తొడిమలు తీస్తుందని, తమ్ముడి జాడ ఆమెకు తెలుస్తుందని చెప్పాడు. మహబూబాబాద్‌ను మా వైపు మానుకోట అనే అంటాం.

మానుకోట మిర్చి

మర్నాడు మార్కెట్ దగ్గర దిగగానే తుమ్ములు మొదలయ్యాయి. కల్లం నిండా ఎర్రని కుప్పలు. వాటి చుట్టూ ముక్కుకు కొంగు కట్టుకున్న ఆడవాళ్లు. నేను వరుసగా పదకొండుసార్లు తుమ్మాను. ఒక కుప్ప దగ్గర ఒకావిడ చేతులు ఆపకుండానే అంది: "ఎవలో కొత్త బేరగాడు. ఇగ ధర పడ్డట్టే."

ఆమే కొమురమ్మ. డెబ్బై ఏళ్లుంటాయి. నేనెవరో చెప్పాను. కొంగు ముక్కు మీదనుంచి దించి పైనుంచి కిందికి చూసింది.

"జనార్దన్‌రావు దొర కొడుకువా? గింతైపోయినవేంది? గుర్రమెక్కి వస్తరనుకున్న."

"బస్సుల వచ్చిన."

"బస్సు నయం. దానా పెట్టేది లేదు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మధ్యాహ్నం కావడంతో సద్ది విప్పారు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, నూరిన పచ్చి మిరపకాయ కారం. కొమురమ్మ ఒక రొట్టె తుంచి నా వైపు చాపి, మళ్లీ చేయి వెనక్కి తీసుకుంది. "తింటవా, తినవా? మీ నాయిన మా చేతి నీళ్లు తాగకపోతుండె." నేను రొట్టె తీసుకున్నాను. పచ్చిపులుసులో కాల్చిన చింతపండు వాసన. మా ఇంట్లో చింతపండు నానబెడతారు, కాల్చరు. కాలిస్తేనే బాగుంది. అది పైకి చెప్పలేదు.

పని సంగతి చెప్పాను. ఆమె కాసేపు తొడిమలు తీసింది.

"మావోడు మొగుళ్లపల్లిల ఉంటడు, పెండ్లాం ఊరు. రేపు పున్నమి గద? గా దినమే పో. ఇంటి కాడనే ఉంటడు."

"కల్లు ఇక్కడ తీసుకోవాల్నా, ఆడనే దొరుకుతదా?"

"ఈడనే తీస్కో. మానుకోట కల్లంటే పానం మావోనికి. సీసా చూస్తే ఎదురొచ్చి కాళ్లు మొక్కుతడు."

పక్కన కూర్చున్న ఇద్దరు ముక్కుల మీద కొంగులు పైకి లాక్కున్నారు. ఘాటుకని అనుకున్నాను.

రైల్లో

పౌర్ణమినాడు తెల్లవారగానే తాటిచెట్టు కిందికి వెళ్లి కల్లు గీసే గౌడుకు యాభై ఇచ్చి సీసా నింపించుకున్నాను. మూత బిగించాను. అదే పొరపాటు. పట్నంలో ముప్పై ఏళ్లున్నవాడికి కల్లు ఎండలో ఏం చేస్తుందో గుర్తుండదు.

వరంగల్ వైపు పోయే ప్యాసింజర్‌లో నా ఎదుట ఒక లంబాడా అమ్మ కూర్చుంది. పేరు మంగ్లీ. కేసముద్రం దగ్గరి తండా వాళ్లు. కూతురితో వాళ్ల భాషలో ఫోన్ మాట్లాడి, ఫోన్ పెట్టేసి నాతో తెలుగులోకి దిగింది. ఏ దేవుడి దగ్గరికని అడిగింది. పోచమ్మ పని మీదన్నాను.

"మాకు సీత్లా. మీ పోచమ్మ లెక్కనే. ఆషాఢంల చేస్తం. ఏడుగురు అక్కచెల్లెండ్లు. ఏడు రాళ్లు నిలబెట్టి, జొన్న గుగ్గిళ్లు పెట్టి, మేకను కోసి, పేగు దారిల అడ్డం పరిచి పసులను దాటిస్తం. రోగం రాదు."

"ముందు ఎవరి పసులు దాటాలె?"

ఆమెకు నా ప్రశ్న వెంటనే అర్థం కాలేదు. "ఏది ముందటికొస్తే గది. పసులు గద సార్, ఆగుతయా?"

నేను వెనక్కి ఆనుకొని దాని గురించే ఆలోచిస్తున్నాను. నెక్కొండ దాటుతుండగా కాళ్ల దగ్గర సంచిలోంచి చిన్న పటాసు పేలినట్టయింది. మూత ఎగిరి కిటికీ ఊచకు తగిలింది. కల్లు నురగ నా పంచె మీద, కండువా మీద, సగం మొహం మీద. నేను లేచి నిలబడితే ఇంకా ఎక్కువ పొంగింది. మంగ్లీ తన చెంగు అడ్డం పెట్టుకొని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. "కూసో సార్, కూసో. నిలబడితే అదీ లేస్తది."

సగం సీసా మిగిలింది. రైల్లో తుడుచుకోవడానికి నీళ్లు లేవు. వరంగల్‌లో బస్సెక్కితే పక్క సీటు ఖాళీ అయింది. పరకాల దాటి మొగుళ్లపల్లి చేరేదాకా ఆ సీటులో ఎవరూ కూర్చోలేదు.

మొగుళ్లపల్లి

ఆటో దిగి అడ్రసు అడగబోతుంటే డప్పు వినపడింది. ఒక దెబ్బ. ఊపిరంత నిశ్శబ్దం. మూడు చిన్నవి, ఒకటి పెద్దది.

నేను రోడ్డు పక్కన ఆగిపోయాను. అది ఎల్లయ్య చేయి. గడిలో అరుగు మీద నానమ్మ, ఆమె చీర కర్పూరం వాసన, గడ్డి మంట పొగ, అన్నీ ఒక్కసారి దగ్గరికి వచ్చాయి. అంతదూరం వచ్చిన పని అయిపోయినట్టే అనుకున్నాను. నడక వేగం పెంచాను.

మలుపు తిరిగాక చూస్తే అది బోనాల ఊరేగింపు కాదు. ముప్పై మందిదాకా తెల్లబట్టలు కట్టుకొని నడుస్తున్నారు. ముందు రంగురంగుల చారల జెండా. ఇద్దరు ఆడపిల్లలు పల్లెంలో పువ్వుల మధ్య కూర్చున్న బుద్ధుడిని మోస్తున్నారు. వాళ్ల పక్కన డప్పు కొడుతున్న బట్టతల మనిషి రాజలింగం. ఎల్లయ్య ముక్కు, ఎల్లయ్య భుజాలు.

నన్ను ఎగాదిగా చూసి, పేరు చెప్పగానే డప్పు చంకన పెట్టుకొని, "అన్నా, గింత ఎండల వచ్చినవ్. లోపటికి రా" అన్నాడు. ఎల్లయ్య ఇంటివాళ్లు మమ్మల్ని అన్నా అని పిలవడం నేను వినడం అదే మొదలు.

వాకిట్లో తాటాకు పందిరి. చిన్న పీట మీద బుద్ధుడిని దించారు. అందరూ చాపల మీద కూర్చున్నారు. నాకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. కూర్చున్నాక చూసుకుంటే నా మోకాళ్లు బుద్ధుడి తల కంటే ఎత్తులో ఉన్నాయి. దేవుడి కంటే ఎత్తులో కూర్చునే అలవాటు మా ఇంట్లో లేదు. లేచి చాప మీదికి దిగాను. నడుం పట్టేసింది. రాజలింగం పక్కకు వంగి మెల్లగా అన్నాడు: "కుర్చీల కూసో అన్నా. ఆయన దేవుడు గాదు, ఏమనుకోడు." నేను లేవలేదు.

ముందు కొవ్వొత్తులు, అగరొత్తులు, పువ్వులు పెట్టారు. చూడ్డానికి మన పూజలాగే ఉంది. కానీ హారతి లేదు, గంట లేదు, కోరిక లేదు. రాజలింగం ఒక్కో మాట పలికితే అందరూ వెనక పలికారు. బుద్ధుడిని, ధర్మాన్ని, సంఘాన్ని శరణు కోరతామని మూడుసార్లు. తర్వాత అయిదు మాటలు ఇచ్చారు. ప్రాణం తీయం. ఇవ్వనిది తీసుకోం. తప్పుడు సంబంధం పెట్టుకోం. అబద్ధం ఆడం. అయిదోది, మత్తు ముట్టం.

అయిదోది పలుకుతున్నప్పుడు ముందు వరుసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. నా పంచె ఆరింది కాని వాసన ఆరలేదు. రాజలింగం భార్య సమ్మక్క నా వెనకే ఉంది. "అన్నకు నాలుగే సాలనుకుంట" అంది, గొంతు తగ్గించకుండానే.

వందనం అయ్యాక రాజలింగాన్ని పక్కకు పిలిచి సంచి విప్పాను. సీసా చూసి అతను మొదట నివ్వెరపోయి, తర్వాత పందిరి గుంజ పట్టుకొని నవ్వాడు. "మా అక్క దగ్గరికి పోయొచ్చినవ్ గద?" కొమురమ్మకు తమ్ముడు ఇరవై ఏళ్ల కింద కల్లు మానేశాడని తెలుసు. పౌర్ణమి వాళ్లకు ఎంత పెద్ద రోజో కూడా తెలుసు. బుద్ధుడు పుట్టింది, జ్ఞానం పొందింది, పోయింది, మూడూ ఈ వైశాఖ పున్నమినాడే అంటారు వాళ్లు. ముక్కుల మీద కొంగులు పైకి పోయింది ఘాటుకు కాదని అప్పుడు తెలిసింది. సమ్మక్క సీసా అందుకొని, గోడ అవతలి ముసలాయనకు చేరవేసింది.

అందరికీ పాలలో వండిన అన్నం పెట్టారు. బుద్ధుడు ఆకలితో కూలిపోయినప్పుడు ఒక ఆడమనిషి పెట్టిన పాయసం గుర్తుకట. ఒక గిన్నె విగ్రహం ముందు కూడా ఉంది. మా ఇంట్లో దేవుడు తిన్నాకే మనకు ప్రసాదం. అదే అడిగాను. "ఆయన తినడు. ఆకలి గుర్తుండాలెనని పెడ్తం" అన్నాడు రాజలింగం. పువ్వులు మాత్రం ఎందుకన్నాను. "పొద్దుగూకే వరకు వాడిపోతయి. మనమూ గంతేనని చూసుకోను."

"మరి కష్టమొస్తే ఎవరికి మొక్కుతరు?"

"గనిల గాలి ఆడకపోతే మొక్కుకుంట కూసుంటమా అన్నా? ఊపిరాడుతలేదంటే ఆడుతలేదని ముందు ఒప్పుకోవాలె. యాడనో దారి మూసుకపోయి ఉంటది. అది తీస్తే గాలొస్తది. తీసేతందుకు ఒక పద్ధతి ఉంటది. బుద్ధుడు చెప్పింది గీ నాలుగే. దుఃఖం, దాని కారణం, అది పోవుడు, పోయే దారి."

ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని. ఇంత తేటగా నేనెప్పుడూ చెప్పలేదు. కాని నానమ్మ మాట వదలబుద్ధి కాలేదు. కర్మ అని మీరూ అంటారు కదా, పూర్వజన్మలో చేసుకున్నదాన్ని బట్టే పుట్టుక అని మావాళ్లు చెప్పేవారు, అన్నాను. రాజలింగం గొంతు సవరించుకునేలోపు సమ్మక్క అందుకుంది.

"అట్లనా? పుణ్యం చేసుకొని గడిల పుడితిరి. మరి గడెందుకు కూలింది? పుణ్యం ఒడిసిపోయిందా?"

"నువ్వు ఊకో" అన్నాడు రాజలింగం.

"నేనేమన్న? అడిగిన. అన్న సార్ గద, చెప్తడని."

రాజలింగం మెల్లగా అన్నాడు: "మా తాన కర్మ అంటే పుట్టుక గాదు. తెలిసి చేసిన పని. ఎవలు చేసింది వాళ్ల ఎంట వస్తది."

సమ్మక్క ఇంటి వెనక గోడలో చిన్న గూడు కనిపించింది. పసుపు పూసిన రాయి, తాజా వేపరెమ్మ. అది చూపించి ఇదేమిటన్నాను. "బుద్ధుడు ఆయినకు. పోచమ్మ నాకు. పిల్లలకు అమ్మవారు పోసినప్పుడు ఆయిన డ్యూటీల ఉండె, నేను ఆమెతోని ఉంటి." రాజలింగం నవ్వి తల పక్కకు తిప్పుకున్నాడు. ఆ ఇంట్లోనూ ఆ ఇద్దరికీ తగవు ఉన్నట్టు లేదు.

అప్పుడు వచ్చిన పని చెప్పాను. పసుపు, ఆకు వక్క, పంచె చాప మీద పెట్టాను. నువ్వు రాకపోతే మొదటి బోనం పోతుందని చెప్పాను. అడగడం నాకు అలవాటు లేదు. మాటలు మొరటుగానే వచ్చి ఉంటాయి.

అతను పసుపును ముట్టుకోలేదు. "డప్పంటే కోపం లేదన్నా. ఇప్పుడు చూసినవ్ గద. కని ఇగ మొక్కనని మాటిచ్చిన. మీ గడప ముంగట నిలబడి కొట్టుడు నాతోని కాదు."

"అది మీ నాయిన దెబ్బ. మీ ఇంటి హక్కు గూడ పోతది."

"నాయిన దెబ్బ నా తాన్నే ఉంది. యాడికి పోలే." కాసేపు డప్పు అంచు మీద వేలితో గీస్తూ కూర్చున్నాడు. "హక్కంటవా? ఆ దెబ్బకు మాకు డప్పుమాన్యం ఉండె. వాగు పొంటి చెలక భూమి. అది తింటిమి, ఇది కొడ్తిమి. మాన్యం పోయినంక గూడ నాయిన పన్నెండేండ్లు కొట్టిండు. ఆయిన పోయినంక చిన్నాయన కొట్టిండు. నేను గనికి పోయింది గందుకే. ఎవలు అమ్మిన్రో, ఎట్ల అమ్మిన్రో నేను అడగలే. నాయినను అడిగితే, దొర తాన కాయితం ఉంటది బిడ్డా, మనకెట్ల ఎరుకైతది అనేటోడు."

అంతలో సమ్మక్క మరో గిన్నె పాల అన్నం తెచ్చి నా ముందు పెట్టింది. తిన్నాను. చెప్పవలసింది నేను. చెప్పలేదు.

బస్సు దగ్గరికి రాజలింగమే దింపడానికి వచ్చాడు. సంచిలోకి పంచె తిరిగి పెడుతూ, "కొలుపుకు నేనొస్త అన్నా. కొట్టను, మొక్కను. ఊరు చూసి చానేండ్లైంది" అన్నాడు.

జ్యేష్ఠం

తిరిగి వచ్చాక ఊరికి పోయి శ్రీశైలానికి చెప్పాను, ఎల్లయ్య ఇంటివాళ్లు కొట్టరని. అతను తల గోక్కున్నాడు. నా వయసు చూసి జాలిపడ్డాడని మొహంలోనే తెలిసింది.

"పోనీ తియ్యండ్రి దొరా. బ్యాండోళ్లను మీ గడప ముందట్నే కొట్టిపిస్తం. ముందు బోనం అమ్మగారే ఎత్తుకుంటది. పోరగాండ్లకు నేను సముదాయిస్త."

"అది కట్టు కాదు" అన్నాను. "ఎల్లయ్య ఇంటి దెబ్బ లేనినాడు మా బోనం ముందు లేవదు. నేనే చెప్తున్న. కమిటీ బోనం లేపుండ్రి."

కొలుపునాడు తొర్రూరు బ్యాండు వచ్చింది. బాగానే వాయించారు. కమిటీ తరఫున శ్రీశైలం చెల్లెలు మొదటి బోనం ఎత్తుకుంది. సుశీల వరుసలో ఇరవైమూడో దానిగా నడిచింది, దీపం ఆరకుండా. వెనకామె పదం ఎత్తుకుంటే తానూ కలిపింది. మొదటి బోనం మోసినన్నాళ్లూ ఆమె అలా పాడలేదు. ముందు నడిచే మనిషికి కలుపుకోవడానికి ఎవరూ ఉండరు.

రాజలింగం తెల్ల చొక్కాతో వచ్చాడు. అమ్మవారి ముందు చేతులు జోడించలేదు, నవ్వుతూ చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఊరంతా తిరిగి, వాగు వెంట కూడా పోయి వచ్చాడు. ఆ చెలకలో ఇప్పుడు ఎవరిదో మామిడితోట ఉంది. భోజనాల పంక్తిలో నా పక్కన కూర్చున్నాడు. యాటకూర వద్దని, పప్పుతో తిన్నాడు. చేతులు కడుక్కున్నాక అతన్ని గడప దగ్గరికి తీసుకుపోయి, మొగుళ్లపల్లిలో చెప్పనిది చెప్పాను. అతను విని, చాలాసేపు దర్వాజా వైపు చూసి, "ఎరుకైంది అన్నా" అన్నాడు. అంతే అన్నాడు.

ఇది చదివేవాళ్లకూ అదే చెబుతున్నాను. ఎల్లయ్య ఇంటి డప్పుమాన్యం రెండెకరాల నాలుగు గుంటలు. మా నాయన దాన్ని మా సొంత చెలకతో కలిపి ఒకే కాగితం మీద అమ్మేశాడు. ఆ కాగితం మీద రెండో సాక్షి సంతకం నాది.